'నూతన ప్రపంచం నుంచి': ఒక సింఫనీ, దానిని చుట్టుకొన్న స్మృతులు

ఇంగ్లీషులో 'గోయింగ్ హోమ్' అనే పాట ఒకటి ఉన్నది. ఇంటికి పోతున్నాను అని దాని భావం. పాల్ రోబ్సన్ వంటి మహాగాయకుడు దానిని పాడాడు. అంత్యక్రియలలోను, ప్రార్థనామందిరాలలోను, బడిపిల్లల సంగీతసభలలోను అది ఎన్నో ఏండ్లుగా వినబడుతున్నది. అమెరికాలోని నల్లజాతివారు బానిసత్వపు రోజుల్లో పాడుకొన్న భక్తిగీతాలలో ఇదొకటని విన్నవారిలో చాలమంది నమ్మకం. ఆ నమ్మకం నిజం కాదు. ఆ వరుసను కట్టినవాడు బొహీమియా దేశస్థుడు, చెక్ భాషీయుడు, ఆంటోనిన్ డ్వోర్జాక్ (1841–1904). 1893లో ఆయన రచించిన తొమ్మిదవ సింఫనీ రెండవ భాగంలో అది మొదటిసారి వినబడింది. అప్పుడు దానికి మాటలు లేవు. ఆయన శిష్యుడు విలియమ్ ఆర్మ్స్ ఫిషర్ 1922లో, అంటే గురువు గతించిన 18 ఏండ్లకు, మాటలు కూర్చాడు. పాటలోనుంచి సింఫనీ రాలేదు. సింఫనీలోనుంచే పాట వచ్చింది.

ఈ పొరపాటును నవ్వి వదలివేయవచ్చును. కాని అందులో ఆలోచించవలసిన విషయం ఒకటి లేకపోలేదు. ఒక వ్యక్తి ఒక నగరంలో కొద్ది నెలలపాటు కూర్చుండి కాగితం మీద వ్రాసిన స్వరాలు ఇతరులకు తమ తాతముత్తాతల నాటి జ్ఞాపకంగా తోచడం ఎట్లా? మాటలున్న పాట అయితే మాటలే త్రోవ చూపుతాయి. మాటలు లేనిచోట స్మృతి దేనిని పట్టుకొని నిలుస్తుంది? మాటలే జీవనాధారంగా ఉన్న రచయితలకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

సింఫనీ అంటే వాద్యబృందం కోసం వ్రాసిన దీర్ఘరచన. సాధారణంగా దానికి నాలుగు భాగాలు ఉంటాయి. మన కచేరీలో కీర్తన వాగ్గేయకారునిదే అయినా ఆలాపన, నెరవు, కల్పనస్వరం గాయకుని సొత్తు. సింఫనీలో అట్లా కాదు. ఎందరో వాద్యకారులు కలసి వాయించవలసిన ప్రతి స్వరమూ, దాని నిడివి, దాని బలం ముందే వ్రాసి ఉంటాయి. ఇంత కట్టుదిట్టమైన ప్రక్రియలోనికి పందొమ్మిదవ శతాబ్దపు కాల్పనికోద్యమం కర్త సొంత జీవితాన్ని తెచ్చిపెట్టింది. బెర్లియోజ్ 1830లో తన 'సింఫనీ ఫంతాస్తీక్'ను వినిపించినప్పుడు తన విఫలప్రణయానికి కథారూపం ఇచ్చి, అచ్చువేయించి శ్రోతలకు పంచాడు. చైకోవ్‌స్కీ తన ఆరవ సింఫనీ వెనుక ఒక కథ ఉన్నదని మాత్రం చెప్పి, అదేమిటో చెప్పలేదు. 1893 అక్టోబరులో దానిని స్వయంగా నిర్వహించిన తొమ్మిది రోజులకే కన్నుమూశాడు. ఆ తరువాత రెండు నెలలు గడవకముందే డ్వోర్జాక్ సింఫనీ లోకానికి వినవచ్చింది. ఆయన కథను పంచలేదు, దాచానని చెప్పుకోనూ లేదు. మూడు మాటల శీర్షిక పెట్టి ఊరుకొన్నాడు: 'నూతన ప్రపంచం నుంచి'.

ఈ శీర్షికలో ప్రాణమంతా 'నుంచి' అనే విభక్తిలో ఉన్నది. ఇంగ్లీషు వాడుకలో దానిని జారవిడిచి 'న్యూ వరల్డ్ సింఫనీ' అనడం అలవాటైపోయింది. అందుచేత అది అమెరికాను వర్ణించే సంగీతమని, ఆ దేశపు మైదానాలకు, నదులకు చిత్రపటమని పలువురు భావించారు. చెక్ మూలంలోని మాట అది కాదు. దూరదేశం పోయినవాడు ఉత్తరం పైభాగాన ఏ ఊరి నుంచి వ్రాస్తున్నాడో వేసుకొన్నట్లు ఉంటుంది అది. 1893 నవంబరులో ప్రతిని వాద్యబృంద నిర్వాహకుడు ఆంటన్ సైడ్ల్‌కు పంపబోతూ చివరి క్షణాన ముఖపత్రం మీద ఆ మాటలు చేర్చాడని, నూతన ప్రపంచంలో తన మనస్సుకు తోచిన భావాలు, అక్కడినుంచి పంపే అభివాదాలు అని వాటి అర్థమని ఆయన సహాయకుడు యోసెఫ్ కొవార్షిక్ తరువాత చెప్పాడు. ఉత్తరంలో వ్రాసేవాని పరిసరాలు ఉంటాయి. కాని ఆ ఉత్తరం చూసేది చేరవలసిన ఇంటివైపు.

డ్వోర్జాక్ వ్ల్తావా నది ఒడ్డున నెలహోజెవెస్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి కసాయివృత్తి చేస్తూ పూటకూళ్ల సత్రం నడిపేవాడు. జితెర్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. కుమారుడు ప్రాగ్ నగరం చేరి, 1862 నుంచి తొమ్మిదేండ్లపాటు నాటకశాల వాద్యబృందంలో వియోలా వాయిస్తూ పొట్టపోసుకొన్నాడు. కీర్తి ఆలస్యంగా వచ్చింది. 1875, 1877 సంవత్సరాలలో ముగ్గురు పసిబిడ్డలను వరుసగా పోగొట్టుకొన్నాడు. ఆ తరువాత పుట్టిన ఆరుగురు బిడ్డల మీద ఆయనకున్న మమకారం ఎంతటిదో చెప్పనక్కరలేదు. పల్లెలో తోట, తోటలో పావురాలు, దారిన పోయే రైలుబండ్లు ఆయన వ్యసనాలు. ఇట్టివానిని న్యూయార్కు వాస్తవ్యురాలు జానెట్ థర్బర్ తాను స్థాపించిన జాతీయ సంగీత కళాశాలకు అధ్యక్షునిగా పిలిచింది. ఏడాదికి 15,000 డాలర్లు జీతం. ప్రాగ్‌లో ఆయనకు వచ్చేది ఇందులో చిన్న అంశం. ఇంటివారందరితోను బాగా తర్కించుకొని గాని ఆయన ఒప్పుకోలేదు.

1892 సెప్టెంబరులో ఓడ దిగినప్పుడు భార్య ఆన్నా, పిల్లలలో ఇద్దరు మాత్రమే వెంట ఉన్నారు. తక్కిన నలుగురూ బొహీమియాలోనే నిలిచిపోయారు. తూర్పు 17వ వీధిలో ఇల్లు తీసుకొన్నాడు. ప్రాగ్‌లో వలె రైలుబండ్లను దగ్గరనుంచి చూడడానికి న్యూయార్కు స్టేషన్లలో వీలు లేకపోయింది. అందుచేత ఆయన మక్కువ ఓడలమీదికి మళ్లింది. ఏ ఓడ ఏనాడు బయలుదేరుతుందో, ఏది వేగంగా పోతుందో తెలుసుకొనేవాడు. వేగంగా పోయే ఓడ చూసి ఇంటికి ఉత్తరాలు వేసేవాడు. ఈ సంగతిని ఆయన చరిత్రకారులు వినోదంగా చెబుతారు. పిల్లలు సముద్రానికి ఆవల ఉన్న తండ్రి రేవుకు పోయి ఓడలు లెక్కపెట్టడంలో వినోదం ఎంత ఉన్నదో పాఠకులే ఊహించుకోవచ్చును.

సింఫనీకి 1893 జనవరిలో శ్రీకారం చుట్టాడు. మే 24వ తేదీన ముగించాడు. చేతివ్రాతప్రతి చివరి పుటలో, దైవస్తుతి పక్కనే, పిల్లలు సౌతాంప్టన్ రేవు చేరినట్లు తంతి వచ్చిందని వ్రాసుకొన్నాడు. బొహీమియా నుంచి బయలుదేరిన ఆ నలుగురూ అమెరికా ఓడ ఎక్కడానికి అక్కడికి చేరుకొన్నారన్నమాట. సంగీతశాస్త్రజ్ఞులు ఆ పుటను స్వరాలకోసం పరిశీలిస్తారు. కాని ఆ నాలుగు మాటలు ఏ విశ్లేషణ కన్న తక్కువ కాదు. ఆ రచన జరిగిన నెలలన్నీ ఎదురుచూపు నెలలేనని వాటివల్ల తెలుస్తున్నది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. ఆ వేసవిలో ఆయన కుటుంబమంతటితో అయోవా రాష్ట్రంలోని స్పిల్‌విల్ అనే చిన్న గ్రామానికి పోయి గడిపాడు. అది చెక్ వలసదారుల ఊరు, కొవార్షిక్ స్వగ్రామం. ఉదయాన చర్చిలో ఆర్గన్ వాయించడం, పక్షుల కూతలు వినడం, ముసలి రైతులతో మాతృభాషలో ముచ్చటించడం ఆయనకు అక్కడ లభించాయి. సింఫనీలోని మందగతి భాగం అక్కడి మైదానాల ఏకాంతంలోనుంచి పుట్టిందని వ్రాసినవారు ఉన్నారు. తేదీలు దానికి ఒప్పుకోవు. స్పిల్‌విల్ చేరేసరికి సింఫనీ పూర్తి అయింది. ఆ ఊరిలో పుట్టినది 'అమెరికన్' అని పేరుపొందిన ఎఫ్ మేజర్ తంత్రీచతుష్టయం. మైదానపు ఏకాంతం మాట నిజమే. ఆ విశాలతలో ఆయనకు దుఃఖం తోచిన మాటా నిజమే. కాని ఆ దుఃఖం సింఫనీకి కారణం కాలేదు. స్వరాలు విన్నవారు వాటికి తగిన దృశ్యాన్ని తరువాత వెదకి జతచేశారు. ఈ రచన చరిత్ర పొడుగునా జరిగినది ఇదే.

ఇక సంగీతం విషయం. నాలుగు భాగాలు, సుమారు నలభై నిమిషాలు. మొదటి భాగం ఇ మైనర్‌లో, మందగతిలో మొదలై హార్న్ వాద్యాలు పైకి ఎగబ్రాకే ఒక బిగువైన స్వరపంక్తితో వేగం పుంజుకొంటుంది. మూడవది నృత్యగతి, నాల్గవది ఇత్తడి వాద్యాల విజృంభణ. ఇవి బలమైన భాగాలే. కాని లోకం తనదిగా చేసుకొన్నది రెండవ భాగాన్ని. దానికి 'లార్గో' అని పేరు. మిక్కిలి విలంబమని అర్థం. ముందుగా మంద్రస్థాయిలో సుషిరవాద్యాలు ఏడు స్వరసమూహాలను మెల్లగా పలుకుతాయి. ఆ ఏడు పలుకులలో శ్రోత మొదటి భాగపు శ్రుతినుంచి ఎంతో దూరాన ఉన్న డి ఫ్లాట్ మేజర్‌లోనికి పోతాడు. తలుపు తెరచినట్లు కాదు. వెలుగు మారినట్లు ఉంటుంది. అప్పుడు ఇంగ్లీష్ హార్న్ ఆ వరుసను ఎత్తుకొంటుంది.

ఈ వాద్యం పేరులో ఇంగ్లండు ఉన్నది, కొమ్ము ఉన్నది; నిజానికి అది ఇంగ్లండుదీ కాదు, కొమ్మూ కాదు. ఓబో కుటుంబానికి చెందిన, కొయ్యతో చేసిన, జంటరెల్లు పీక గల సుషిరవాద్యం. ఆ పీకను బట్టి చూస్తే మన నాదస్వరానికి దూరపు చుట్టం; ధ్వనిలో మాత్రం నాదస్వరపు మిరుమిట్లు లేవు. కంఠం కొంచెం బొంగురుపోయిన మనిషి మెల్లగా పాడుతున్నట్లు ఉంటుంది. ఈ సింఫనీలో అది లార్గోలో తప్ప మరెక్కడా వినిపించదు. అంతమంది వాద్యకారుల నడుమ ఒక్క గొంతు, అదీ అంతకుముందు విననిది, తరువాత రానిది. ఎంపిక ఇంతటిది కాకపోతే ఆ వరుస ఇంతగా నిలిచేదా అనేది సందేహమే.

వరుస విషయం మరీ విచిత్రం. మొదటి పాదాలు షడ్జ, రిషభ, గాంధార, పంచమాల నడుమనే తిరుగుతాయి. తరువాతి పాదం ధైవతంతో ఎత్తుకొని తారషడ్జానికి పోతుంది. మధ్యమం లేనే లేదు. తెలుగు శ్రోత చెవికి మొదట మోహన తోచడం సహజం. పై పాదంలో ఒక్క నిషాదం తగిలి, మోహన హద్దు దాటి బిలహరివైపు ఒక అడుగు వేసినట్లు అనిపించవచ్చును. అయితే గమకం లేనిచోట రాగం లేదు. ఇది పోలిక మాత్రమే. అసలు సంగతి మరొకటి. ఐదు స్వరాల మీద నడిచే ఇట్టి వరుసలు ఏ ఒక్క జాతి సొత్తూ కావు. స్కాట్లండు పల్లెపాటలలో అవి ఉన్నాయి. చైనాలో, జపానులో ఉన్నాయి. అమెరికా నల్లజాతివారి భక్తిగీతాలలో ఉన్నాయి. ఆదివాసుల పాటలలో ఉన్నాయి. ఇట్టి వరుస వింటే ప్రతివాడూ ఇది మా ఇంటిదే అనుకోవడానికి ఆధారం ఉన్నది. అది అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు.

వరుసతో పని అంతటితో ముగియలేదు. లార్గో చివర అదే వరుస మళ్లీ వస్తుంది. ఈసారి గొంతు అణచిన కొద్ది తంత్రీవాద్యాలు మాత్రమే దానిని అందుకొంటాయి. పాదం మధ్యలో అవి ఆగిపోతాయి, నిశ్శబ్దం, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగుతాయి. చెప్పబోయిన మాట గొంతులో చిక్కుకొన్న మనిషి ఎట్లా ఉంటాడో అట్లా ఉంటుంది. భాగమంతా డబుల్ బాస్‌ల లోతైన స్వరసమూహంతో అణగిపోతుంది. ఆపైన నాల్గవ భాగంలో అంతకుముందు భాగాల వరుసలు ఒక్కొక్కటే తిరిగివస్తాయి. లార్గో వరుస కూడ వస్తుంది, కాని మునుపటి నెమ్మదితో కాదు, గడబిడ మధ్య ముక్కలుగా. అంటే ఈ రచన శ్రోత జ్ఞాపకాలను కదిలించక ముందే తన గతాన్ని తానే జ్ఞాపకం చేసుకొంటున్నది. శ్రోతకు అరగంట క్రితం విన్న వరుస మళ్లీ వినబడితే అది అరగంట నాటిదిగా తోచదు, ఎప్పటిదో అనిపిస్తుంది. పాతదనం ఎట్లా పుట్టించాడంటే ఇట్లా పుట్టించాడు.

అయితే ఈ వరుసకు బయటి ఋణం లేదా? ఉన్నది, దానిని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. థర్బర్ కళాశాల ఆ కాలంలో నల్లజాతి విద్యార్థులను చేర్చుకొన్న సంస్థ. వారిలో హ్యారీ బర్లీ అనే యువకుడు ఉన్నాడు. 1866లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ పట్టణంలో పుట్టాడు. ఆయన మాతామహుడు హామిల్టన్ వాటర్స్ మేరీలాండ్‌లో బానిసగా ఉండి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొన్నవాడు. చూపు దెబ్బతిన్నది. ఈరీలో వీధిదీపాలు వెలిగించే పని చేసేవాడు. సాయంకాలం మనుమలను తోడు తీసుకొనిపోయి దీపాలు వెలిగిస్తూ పాత పాటలు పాడేవాడు. ఆ పాటలే న్యూయార్కులో బర్లీ నోట డ్వోర్జాక్ విన్నాడు. మళ్లీ మళ్లీ పిలిచి పాడించుకొన్నాడు. 1893 మే నెలలో 'న్యూయార్క్ హెరాల్డ్' పత్రికలో అమెరికా సంగీతం భవిష్యత్తు ఈ నల్లజాతి వరుసల మీదనే నిలవాలని బాహాటంగా ప్రకటించాడు. ఆనాటి అమెరికాలో ఇది చిన్నమాట కాదు. దేశంలోను, యూరప్‌లోను పెద్ద వివాదం లేచింది. సింఫనీ మొదటి భాగంలో వేణువు పలికే ఒక వరుసలో 'స్వింగ్ లో, స్వీట్ చారియట్' అనే భక్తిగీతపు పోలిక చాలమంది పట్టుకొన్నారు. కాని తాను పాటలను ఎత్తివ్రాయలేదని, వాటి స్వభావం తెలుసుకొని సొంత వరుసలు కట్టానని ఆయన మాట. ఈ మాట నిజమేనని రచన చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ కాలం చేసిన పని గమనింపదగినది. బానిసగా బ్రతికిన ముసలివాని గొంతు ఒకటి. దాని నీడ పడిన చెక్ సంగీతకర్త వరుస ఇంకొకటి. దానికి శ్వేతజాతి శిష్యుడు కట్టిన మాటలు మూడవది. ఈ మూడవదే చివరకు బానిసల పాటగా చెలామణి అయింది. బర్లీ స్వయంగా స్వరపరచి 1916 ప్రాంతాల వెలువరించిన 'డీప్ రివర్' మొదలైనవి అసలైన పాటలు. గాయకులు వాటిని మరువలేదు. కాని సామాన్యశ్రోతకు ముందు గుర్తువచ్చేది 'గోయింగ్ హోమ్'. సాహిత్యంలోను ఇట్టి దృష్టాంతాలు లేకపోలేదు. జానపదం నుంచి నేర్చుకొని కవి వ్రాసినది జానపదమై కూర్చుంటే, కవికి అది గౌరవమే కావచ్చును. అసలు పాడినవారి సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం తీరదు.

మరొక ఋణం సాహిత్యానిది. లార్గోకు, మూడవ భాగానికి లాంగ్‌ఫెలో 'హయావథా' కావ్యం ప్రేరణ అని డ్వోర్జాక్ చెప్పాడు. 1855లో వెలువడిన ఆ కావ్యాన్ని ఆయన అమెరికా పోకముందే స్లాడెక్ అనే కవి చేసిన చెక్ అనువాదంలో చదివి ఉన్నాడు. మూడవ భాగం ఆదివాసుల విందులోని నృత్యమట. అమెరికా ఆదివాసుల గాథ. దానిని ఇంగ్లీషులో వ్రాసినవాడు శ్వేతజాతి కవి. దానిని చెక్‌లోనికి తెచ్చినవాడు అనువాదకుడు. దానిని మాటలు లేని స్వరాలుగా మార్చి మళ్లీ అమెరికాకే వినిపించినవాడు ఈయన. అనువాదకుని పేరు ఈ వరుసలో సాధారణంగా ఎవరూ తలవరు. తలచవలసినదే.

1893 డిసెంబరు 15న బహిరంగ సాధన, 16న తొలిప్రదర్శన కార్నెగీ హాలులో జరిగాయి. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది, సైడ్ల్ నిర్వహించాడు. లార్గో ముగియగానే హాలంతా కరతాళధ్వనులతో మ్రోగి కర్తకోసం చూసింది. పెట్టెలో కూర్చున్న ఆయన లేచి మాటిమాటికి నమస్కరించవలసి వచ్చింది. అదంతా ఒక రాజుకు జరిగినట్లు జరిగిందని తన ప్రకాశకుడు సిమ్రోక్‌కు వ్రాశాడు. మరుసటి ఏడు అచ్చులో వచ్చినప్పుడు ప్రూఫులు దిద్దినవాడు సాక్షాత్తు బ్రామ్స్. ఇది అమెరికా సంగీతమా, బొహీమియా సంగీతమా అనే తగవు ఆనాడే మొదలైంది. ఇప్పటికీ తీరలేదు, తీరవలసిన అవసరమూ కనబడదు.

కర్త సొంత స్మృతి సంగీతంలో ఎట్లా ఇముడుతుందో చూడదలచినవారికి ఆయనదే మరొక రచన సాక్ష్యం. సెల్లో కాన్‌చెర్టో అమెరికాలో ఉన్నప్పుడే వ్రాశాడు. యౌవనంలో ఆయన ప్రేమించిన యోసెఫీనా తరువాత ఆయనకు వదినె అయింది. ఆమె జబ్బుపడిందని తెలిసి, ఆమెకు ఇష్టమైన తన పాట వరుసను మందగతి భాగంలో చేర్చాడు. 1895 వసంతంలో స్వదేశం చేరాడు. మే నెలలో ఆమె మరణించింది. కాన్‌చెర్టో ముగింపును తిరగవ్రాసి, ఆ పాటను మళ్లీ తలచాడు. అది తాళంచెవి ఉన్న పెట్టె. తెలిసినవాడు తెరచి చూడవచ్చును. సింఫనీలోని లార్గోకు అట్టి తాళంచెవి లేదు. అది ఎవరి జ్ఞాపకమూ అని కర్త చెప్పలేదు. కనుకనే అందరి జ్ఞాపకాలకూ అందులో చోటు దొరికింది.

ఈ స్థితిని మన కావ్యలోకం ఏనాడో గుర్తించింది. శాకుంతలం పంచమాంకంలో తెరవెనుక హంసపదిక పాడుతుంది. ఆ పాట విన్న దుష్యంతునికి ఏ ఆప్తుల ఎడబాటూ లేకున్నా మనస్సు ఉత్కంఠతో నిండిపోతుంది. శాపంవల్ల శకుంతలను మరచినవాడు. మరచిన సంగతి కూడ మరచినవాడు. పాట ఆమెను గుర్తుకు తేలేదు. గుర్తుకు రావలసినది ఏదో ఉన్నదనే బాధను మాత్రం తెచ్చింది. జన్మాంతర స్నేహాల వాసన కావచ్చునని రాజు అనుకొంటాడు. ఆ శ్లోకాన్ని అభినవగుప్తుడు పట్టుకొని, ఇక్కడ స్మృతి అన్నది తార్కికులు చెప్పే స్మృతి కాదని విడమరచాడు. పూర్వం తెలిసిన వస్తువును మళ్లీ తలచడం తార్కికుల స్మృతి. ఇది వస్తువు లేని స్మృతి, రసాస్వాదానికి దగ్గరది. లార్గో విని ఎన్నడూ చూడని ఊరికి బెంగపెట్టుకొన్న శ్రోతను వివరించడానికి ఇంతకన్న మంచి సిద్ధాంతం యూరప్‌లో దొరకడం కష్టం.

తరువాతి చరిత్ర దీనికి భాష్యం వంటిది. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో మరణించాడు. మరునాడు పార్థివదేహాన్ని తీసుకొనిపోతున్నప్పుడు నౌకాదళపు దుస్తులలో ఉన్న గ్రాహమ్ జాక్సన్ అనే నల్లజాతి సంగీతకారుడు ఆకార్డియన్ మీద 'గోయింగ్ హోమ్' వాయించాడు. ఆయన చెంపల మీద కన్నీరు కారుతుండగా ఎడ్ క్లార్క్ తీసిన ఛాయాచిత్రం 'లైఫ్' పత్రికలో వచ్చింది. ఆ తరం అమెరికనులకు ఆ వరుస వింటే బొహీమియా జ్ఞాపకం వస్తుందా? ఆ ముఖం జ్ఞాపకం వస్తుంది.

జపానులో ఈ వరుసకు 'ఇంటిదారి' అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. హొరియుచి కెయిజో దానికి సంధ్యవేళకు తగిన మాటలు కూర్చాడు. అంతకుముందే మియజావా కెంజి అనే ప్రసిద్ధరచయిత తన పద్యాన్ని ఈ వరుసకు కట్టుకొన్నాడు. అనేక పట్టణాలలో సాయంకాలం వీధి ధ్వనివర్ధకాల మీద దీనిని వేయడం వాడుక. ఆడుకొంటున్న పిల్లలు ఇండ్లకు పోవలసిన వేళ అయిందని దాని అర్థం. ఆ పిల్లలు పెద్దవారై ఏ కచేరీలోనో లార్గో వింటే వారికి తోచేది వెలుగు తగ్గుతున్న ఆటస్థలం, అన్నం వేళ. డ్వోర్జాక్ న్యూయార్కులో పిల్లలు ఇల్లు చేరడం కోసం ఎదురుచూస్తూ వ్రాసిన సంగీతం ఇక్కడ పిల్లలను ఇల్లు చేర్చే పనిలో కుదురుకొన్నది. యాదృచ్ఛికమే, అయినా ముచ్చటైన యాదృచ్ఛికం.

ఇంగ్లండు సంగతి నవ్వు తెప్పిస్తుంది. 1973లో హోవిస్ రొట్టెకు దర్శకుడు రిడ్లీ స్కాట్ ఒక ప్రకటనచిత్రం తీశాడు. రాళ్లు పరచిన నిటారైన వీధిలో ఒక కుర్రవాడు రొట్టెలబుట్ట ఉన్న సైకిలును తోసుకొంటూ ఎక్కుతాడు. వెనుక ఇత్తడి వాద్యబృందం లార్గో వాయిస్తుంది. ఇత్తడి వాద్యబృందాలకు ఉత్తర ఇంగ్లండు గనుల ఊళ్లు పెట్టింది పేరు. అందుచేత చూసినవారిలో చాలమంది అది ఉత్తరాది ఊరేనని, ఆ సంగీతం ఉత్తరాదిదేనని అనుకొన్నారు. ఆ వీధి దక్షిణాన డోర్సెట్ జిల్లా షాఫ్ట్స్‌బరీలోని గోల్డ్ హిల్. ఉత్తరాది బాల్యం అనుకొన్న జ్ఞాపకంలో వీధి దక్షిణాదిది, సంగీతం న్యూయార్కులో చెక్ భాషీయుడు వ్రాసినది. అయినా ఆ బెంగ మాత్రం నిజమైనదే. దానిని అబద్ధమనడానికి వీలులేదు.

సొంతదేశంలో ఈ రచన బ్రతుకు వేరు. చాలకాలం దీనిని అయిదవ సింఫనీ అనేవారు; ఆయన జీవితకాలంలో అచ్చుకాని తొలిరచనలను కలిపి లెక్కించిన తరువాత తొమ్మిదవది అయింది. 1896 జనవరి 4న చెక్ ఫిల్‌హార్మోనిక్ తన మొదటి కచేరీ చేసినప్పుడు నిర్వాహకుడు డ్వోర్జాక్; వాయించిన వాటిలో ఈ సింఫనీ ఉన్నది. ఆ బృందానికి తరువాతి కాలంలో అధిపతి అయిన రాఫెల్ కుబెలిక్ 1948లో కమ్యూనిస్టుల ఆధిపత్యం రాగానే దేశం విడిచిపోయాడు. 1950 నుంచి 1953 వరకు చికాగో సింఫనీకి సంగీతాధిపతిగా ఉన్నాడు. ఆ రోజుల్లో, 1951లో, అక్కడి బృందంతో ఈ రచనను రికార్డు చేశాడు. అంటే ప్రవాసి అయిన చెక్ ఒకడు, ప్రవాసంలో ఉన్న చెక్ వ్రాసిన సంగీతాన్ని, అది వ్రాసిన నూతన ప్రపంచంలోనే వినిపించాడన్నమాట. స్వదేశంలో ప్రభుత్వం మారేవరకు ఆయన తిరిగిపోలేదు. 1989లో మారింది. 1990 మే 12న ప్రాగ్‌లో స్మేతనా 'మా వ్లాస్త్'ను నిర్వహించాడు. వయస్సు 75, శరీరం సహకరించక అంతకుముందే నిర్వహణ మానుకొని ఉన్నాడు.

1991లో అదే చెక్ ఫిల్‌హార్మోనిక్‌తో 'నూతన ప్రపంచం నుంచి' వాయించాడు. ఆ కచేరీ రికార్డు లభిస్తున్నది. చికాగో రికార్డును, దీనిని పక్కపక్కన పెట్టి వినడం చెవిగలవారికి ఒక సాయంకాలపు పని. సింఫనీ చివర వాద్యబృందమంతా ఒక్కసారి గట్టిగా పలికి ఆగుతుంది. ఆ తరువాత సుషిరవాద్యాలు మాత్రం ఒక స్వరసమూహాన్ని పట్టుకొని, దానిని క్రమంగా తగ్గిస్తూ, వినబడీ వినబడకుండా పోయేవరకు నిలుపుతాయి. ఎంతసేపు నిలపాలో డ్వోర్జాక్ నిర్ణయించలేదు, నిర్వాహకునికి విడిచిపెట్టాడు.